గడప మీద తలపాగా

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. కనుమ దాటి, అవతలి ఊళ్ళో కూతురు తూదా ఇంటికి మధ్యాహ్నం నమాజు పిలుపు లోపు చేరాలి. తూదా కొడుకుకు ఏడో రోజు. పొట్టేలును కోసేటప్పుడు పిల్లవాడి పేరు పలకాలి. తాత మీమూన్ పేరే పెట్టాలని తూదా పట్టు. ఆయన వేళకు వచ్చి పలికితే సరే, రాకపోతే మా పేరు మాకుందని వియ్యంకుడు కబురు పెట్టాడు.

మీమూన్ ముందు, కొడుకు జాయిద్ వెనుక. సగం కొండ ఎక్కేసరికి వాన పట్టుకుంది. ఉన్ని అంగీలు నీళ్ళు తాగి గొర్రె బరువెక్కాయి. కనుమ మీద ఉన్నది ఒక్కటే ఇల్లు, ఇషూది. కాలువలో మంగళవారం నీళ్ళ వంతు ఎవరిదని తగవొచ్చి పద్నాలుగేళ్ళుగా ఇషూకీ మీమూన్‌కీ మాటల్లేవు. ఒకరి పేరు ఒకరు పలకరు. ఒకరు ఎగువవాడు, ఒకరు దిగువవాడు.

"లోపలికి పోదాం నాన్నా."

"చూరు చాలు."

మీమూన్ తలపాగా విప్పి పిండాడు. వేళ్ళు కొయ్యబారిపోయాయి. పొడిగా ఉన్న చోటు గడప ఒక్కటే. తలపాగా దాని మీద పరిచి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. తలుపు తెరుచుకుంది.

ఆ కొండల్లో ఒకరి గడప మీద తలపాగా పెట్టడమంటే శరణు వేడడం. అడిగింది కాదనడానికి ఇంటివాడికి వీల్లేదు. పని నెరవేరేదాకా తలపాగా అక్కడే ఉండాలి. ఊరికే ఆరేసుకున్నానంటే ఆ ఇంటిని దండెం చేసినట్టు. ఆ అవమానం మరో పద్నాలుగేళ్ళకు సరిపోతుంది.

ఇషూ ముఖం పాలిపోయింది. పక్కకు జరిగి దారిచ్చాడు. సాక్ష్యానికి తమ్ముళ్ళిద్దరినీ పిలిపించాడు. వాళ్ళు వచ్చేలోపు ఒక టీ, వచ్చాక ఒకటి. మూడోది తాగకుండా లేవడం మర్యాద కాదు. జాయిద్ ప్రాణమంతా వియ్యంకుడి పొట్టేలు దగ్గరే ఉంది.

"దిగువవాడి కోరికేమిటో చెప్పమనండి," అన్నాడు ఇషూ గోడకేసి చూస్తూ. మంగళవారం నీళ్ళు పోయినట్టేనని తమ్ముళ్ళు తలలు దించుకున్నారు.

మీమూన్ మూడో టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. ఆగలేక జాయిదే పేరు సంగతీ, పొద్దు సంగతీ చెప్పేశాడు. ఇషూ లేచి కంచరగాడిదకు జీను కట్టాడు.

"ఎక్కమను."

"ఎగువవాడి జీను మీద కూర్చోను. నడిచే పోతా."

"నడిస్తే సాయంత్రానికి చేరతాడు. తలపాగా ఉన్నది నా గడప మీద," అని ఇషూ తనే ఎక్కి వానలో కలిసిపోయాడు.

తండ్రీకొడుకులు చేరేసరికి నమాజు పిలుపు ఎప్పుడో అయిపోయింది. వసారాలో పొట్టేలు తోలు వేలాడుతోంది. అది చూసి మీమూన్, తల మీద గుడ్డ లేకుండా, ఆ వాకిట్లోనే నిలబడిపోయాడు.

వియ్యంకుడు ఎదురొచ్చాడు. "మీ మనిషి వేళకే వచ్చాడు లెండి. మీ బదులు తను పలుకుతానని కత్తికి చెయ్యి అడ్డం పెట్టాడు. అలాంటివాణ్ణి కాదంటామా?"

"ఏం పేరు పలికాడు?"

"మీమూన్."

ఇషూ పొయ్యి పక్కన కూర్చుని గ్లాసులోకి చూస్తున్నాడు. మీమూన్ వెళ్ళి పక్కన చతికిలబడ్డాడు.

"నోరు తిరిగిందా?"

"మూడోసారికి తిరిగింది."

తూదా పిల్లవాడిని తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. ఎగువన గడప మీది తలపాగా కూడా, ఏ పనికి పెట్టారో ఆ పని ముగించుకుని, ఆ సాయంత్రానికి ఆరింది.