మంత్రిగారి పలకరింపు తప్పనిసరి

దేశంలోని నూట నలభై ఊళ్ల వరద హెచ్చరిక యంత్రాలకు ఇకపై ఒకటే సాఫ్ట్‌వేర్ అని సియోల్‌లో డైరెక్టర్ తక్ గ్యుసొక్ గారు ప్రకటించారు. ఊరిని బట్టి అందులో కొన్ని భాగాలు చేరుస్తారు, కొన్ని తీసేస్తారు. అంత దూరదృష్టి మామూలు మనిషికి రాదు. ఇంజనీరు బ్యన్ సొయుల్ మాత్రం సైరన్ వేళకు మోగితే చాలనుకుంది. వాళ్లక్క వాగు ఒడ్డునే పంది ఎముకల పులుసు అమ్ముతుంది. కిందటేడు ఆ కొట్టు సగం నీళ్లలో పోయింది.

సొయుల్ పెద్ద కాగితం మీద చెట్టు గీసింది, సాఫ్ట్‌వేర్ చేసే ఒక్కో పనికి ఒక్కో కొమ్మ. అన్ని ఊళ్లకూ ఉండాల్సిన కొమ్మలు 'తప్పనిసరి'. ఉన్నా లేకున్నా నడిచేవి 'ఐచ్ఛికం'. సైరన్ తప్పనిసరి, మంత్రిగారి పలకరింపు ఐచ్ఛికం.

డైరెక్టర్ గారి వేలు అక్కడ ఆగింది.

"మంత్రిగారు ఉన్నా లేకున్నా ఒకటేనా?"

"ఆయన గురించి కాదండీ, రికార్డింగు గురించి."

"అందులో మాట్లాడేది ఎవరు, మీ నాన్నా?"

పలకరింపు తప్పనిసరి అయింది. మర్యాద తెలిసిన మనిషి కనక ఆయన అక్కడితో ఆగలేదు. నీళ్లు పెరగ్గానే పలకరింపు మొదలై, తగ్గేదాకా వస్తూనే ఉండాలన్నారు. మంత్రిగారు మాట్లాడుతుంటే ఇంకే చప్పుడూ కాకూడదన్నారు.

తనిఖీ ప్రోగ్రాం వెంటనే తేల్చింది: సైరన్ ఏ ఊళ్లోనూ ఎప్పటికీ మోగదు. అది చచ్చిన కొమ్మ.

"చచ్చినదాన్ని ఎందుకు ఉంచడం? కొట్టేయండి."

"వరద యంత్రానికి సైరన్ లేకపోతే ఎలాగండీ?"

"కొట్టేస్తే ఎన్ని తప్పులు చూపిస్తుంది?"

"సున్నా."

"మరింకేం."

సొయుల్‌కు ఒళ్లు మండిపోయింది. అయినా సంతకం పెట్టింది. ఆ ఆఫీసులో పెట్టనివాళ్లు లేరు.

ప్రారంభోత్సవం అక్క కొట్టు ముందే పెట్టారు. పట్టపగలే కుండపోత వాన మొదలై వాగు పొంగింది. యంత్రం చక్కగా పనిచేసింది.

"ప్రియమైన ప్రజలారా, మీ క్షేమమే నా ఊపిరి..."

డైరెక్టర్ గారు చేతులు కట్టుకుని తల వంచారు. ఆయన్ని చూసి అధికారులు, అధికారుల్ని చూసి ఊరివాళ్లు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. ఊపిరి అయిదోసారి మొదలైంది.

"అక్కా, సైరన్ లేదు. నేనే కొట్టేశాను," అంది సొయుల్.

"ఏడుపు తర్వాత. ఆ గరిటె ఇటివ్వు."

అక్క పులుసు డేగిసా మూత మీద గరిటెతో దబదబా బాదింది. జనం గుట్టమీదికి పరుగెత్తారు. అందరికన్నా ముందు చేరింది డైరెక్టర్ గారే. ఈసారి కొట్టు మొత్తం పోయింది.

వారం తిరక్కుండా సొయుల్ బల్లమీదికి ఆదేశం వచ్చింది. చెట్టుకు 'డేగిసా మూత' అనే కొత్త కొమ్మ చేర్చాలి. ఐచ్ఛికం. మంత్రిగారు మాట్లాడుతుండగా మోగించరాదు.

కింద ఆమె సంతకానికి చోటు వదిలారు.