ఒకటి కొడితే రెండు పడే కీబోర్డు

కీబోర్డు కొనాలనుకుంటున్న వాళ్ళందరికీ చేతులు జోడించి ఒక్క మాట చెబుతున్నాను. మంచిది కొనకండి! కొంటే చవకది కొనండి. చెవులు చిల్లులు పడేది కొనండి. వీలైతే వచ్చేటప్పుడే చెడిపోయి వచ్చేది కొనండి.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. కానీ కోడలి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఈ విషయంలో బోలెడంత అనుభవం గడించాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను, వినండి.

నా కోడలు ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తుంది. ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషిన్‌లూ అమ్మే కంపెనీ ఒకటుంది. కొని తిప్పలు పడుతున్నవాళ్ళు కంప్యూటర్‌లో మొర పెట్టుకుంటారు, ఈ పిల్ల జవాబులు టైపు చేస్తుంది. పాత కీబోర్డులో సగం మీటలు మొండికేశాయి. దాంతో ఆన్‌లైన్‌లో వెతికి వెతికి, అన్నిటికన్నా చవకగా దొరికిన మెకానికల్ కీబోర్డు తెప్పించుకుంది.

పెట్టె విప్పగానే గదంతా ఎరుపూ నీలం ఆకుపచ్చ దీపాలు! మీట నొక్కితే రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు టకటకా టకటకా! మర్నాడే పక్కవాటా ఆవిడ గుమ్మంలో నిలబడి, "మీ ఇంట్లో తాపీపని ఎప్పటికి పూర్తవుతుందండీ?" అని ఎంతో మర్యాదగా అడిగింది.

ఆవిడకేం తెలుసు, చప్పుడు విలువ! ఇదివరకు ఈ పిల్ల పని చేస్తోందో, బొమ్మలా కూర్చుందో తెలిసి చచ్చేది కాదు. ఇప్పుడు వంటింట్లో ఉండే సమస్తం తెలుసుకుంటున్నాను. టకటకలు నిదానంగా వస్తే మామూలు కస్టమర్. ఉరుముల్లా వస్తే తిట్టే కస్టమర్. ఉన్నట్టుండి ఆగిపోయాయంటే, టీమ్ లీడర్ మెసేజ్ పెట్టాడన్నమాట. వెంటనే కాఫీ కలుపుకుని వెళ్ళాలి. ఇంత సమాచారం ఏ ఖరీదైన కీబోర్డు ఇస్తుందండీ?

ఆ ఆదివారం మా చిన్నవాడు వచ్చాడు. వాడు ఏదో ఆఫీసులో కంప్యూటర్లకు కాపలా కాస్తాడు. దొంగలు చొరబడకుండా చూడటం వాడి ఉద్యోగం, కాబట్టి వాడి కంటికి లోకంలో అందరూ దొంగలే. వస్తూనే కీబోర్డును తిరగేసి, పేలున్న తలను చూసినట్టు చూశాడు.

"వదినా, ఇది ఏ కంపెనీది?"

"అడుగున పేరుందిగా."

"ఇది పేరా? పసిపిల్ల మీటల మీద చెయ్యి ఆడించినట్టుంది. దీపాల రంగులు మార్చుకునే సాఫ్ట్‌వేర్ గానీ వేశావా, కొంపదీసి?"

"వేశాను. నీలం రంగొక్కటే ఉంచాలంటే అది వెయ్యాలిట."

"అయిపోయింది! నీలం దీపం కోసం ఇంటి తాళాలు ఇచ్చేశావు. నువ్వు కొట్టే ప్రతి అక్షరం ఎక్కడో ఎవడో కూర్చుని చదువుతూ ఉండొచ్చు, తెలుసా?"

కోడలి మొహం పాలిపోయింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"చదువుతాడట్రా? నిజంగానా? మొత్తం చదువుతాడా?" అని అడిగాను.

ఎందుకు అడగనండీ? ఈ రోజుల్లో ఎవరు రాసింది ఎవరు చదువుతున్నారు? మోకాలు పట్టేసిందిరా అని మా పెద్దవాడికి మెసేజ్ పెడితే, వాడు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపిస్తాడు. కళ్ళు తిరుగుతున్నాయిరా అన్నా అదే వేలు. అలాంటిది, ముక్కూ మొహం తెలియని మనిషి, జీతం భత్యం లేకుండా, మనం రాసిన ప్రతి ముక్కా శ్రద్ధగా చదువుతానంటే ఆ దొంగను కళ్ళకద్దుకోవాలా, వద్దా?

అందుకే చిన్నవాడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు కోడలి చేత ఖాళీ పేజీలో నాలుగు ముక్కలు కొట్టించాను. "బాబూ, స్నానాల గదిలో కుళాయి కారుతోంది. మా పెద్దవాడికి చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. నీకు తెలిసిన ప్లంబర్ ఉంటే పంపించు నాయనా." జవాబు ఇంకా రాలేదు. పని ఒత్తిడిలో ఉండి ఉంటాడు.

చిన్నవాడు తిరిగొచ్చి ఆ సాఫ్ట్‌వేర్ పీకేశాడు. మీటలు కొట్టుకోవడానికి అది అక్కర్లేదన్నాడు. పాస్‌వర్డులన్నీ మార్పించాడు. అదంతా అయ్యాక, తెర మూల వెలుగుతున్న పచ్చచుక్క మీద వాడి కన్ను పడింది.

"ఇదేమిటి వదినా?"

"అది మా ఆఫీసువాళ్ళది. నేను కొట్టే మీటలు లెక్కపెడుతుంది. కాసేపు చెయ్యి ఆగితే పసుపురంగులోకి తిరుగుతుంది. ఇంకాసేపు ఆగితే ఎర్రబడుతుంది. ఎర్రబడిందంటే నేను సీట్లో లేనట్టు లెక్క."

"ఓస్, అంతేనా! అదైతే పర్వాలేదు."

"అదేమిట్రా, ఎవడో చూస్తే దొంగా, వీళ్ళు చూస్తే పర్వాలేదా?" అన్నాను.

"అమ్మా, వీళ్ళు ముందే చెప్పి చూస్తున్నారు. వదిన ఒప్పుకుని సంతకం పెట్టింది. దీన్ని పాలసీ అంటారు."

ఆహా! ఎంత చక్కటి తేడా! నేను ఇన్నేళ్ళు బతికి ఏం లాభం, ఈ తేడా తెలియకుండానే తలుపులకు గడియలు వేసుకుంటూ వచ్చాను.

అసలు సంగతి ఏమిటంటే, ఆ పచ్చచుక్క వల్లే కోడలికి కంటి మీద కునుకు లేదు. ఈ పిల్లకు పాడు అలవాటొకటుంది. ఎవరేం రాసినా ముందు పూర్తిగా చదువుతుంది! చదివి ఊరుకుంటుందా? ఆలోచిస్తుంది కూడా! ఆ ఆలోచించినంతసేపూ చేతులు కదలవు కదా, చుక్క రంగు మారిపోతూ ఉంటుంది.

ఒకావిడ తన వాషింగ్ మెషిన్ గదంతా గెంతుతోందని, ఇంట్లో పసివాడు జడుసుకుంటున్నాడని ఏకరువు పెట్టింది. మా కోడలు నిదానంగా అంతా చదివి, "ఆనని కాలు కింద అట్టముక్క మడిచి పెట్టండి" అని ఒక్క లైను రాసింది. మెషిన్ కుదురుకుంది. ఆవిడ ఆనందంగా వెళ్ళిపోయింది.

ఎంత నష్టం! ఆవిడ కష్టం తీరింది గానీ, మీటలేవి?

టీమ్ లీడర్ పిలిచి చెప్పాడు. "టీమ్ మొత్తంలో తక్కువ మీటలు మీవేనండీ. వచ్చే రివ్యూ దాకా చూస్తాం. ఆ తరవాత నా చేతుల్లో కూడా ఏమీ ఉండదు." ఇంటి అద్దె ఆ పిల్ల జీతంలోంచే వెళుతుంది. ఆ రోజు కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా లేచిపోయింది.

సరిగ్గా అప్పుడే మన చవక కీబోర్డు తన నాణ్యత చూపించింది. ఒకసారి కొడితే రెండు అక్షరాలు పడటం మొదలైంది! రెండోదాన్ని చెరుపుదామంటే, చెరిపే మీట కూడా చాలాసార్లు రెండేసి చెరిపేస్తుంది. పోయిన అక్షరాన్ని మళ్ళీ కొడితే మళ్ళీ రెండు. "మీ" అని రాయడానికే పిల్ల చెమటలు కక్కింది. అవతల కస్టమర్లు "ఉన్నారా? పోయారా?" అని తిట్టిపోస్తున్నారు. అమ్మినవాడికి ఫిర్యాదు చేస్తే వాడి అజాపజా లేదు.

"ఇంక అయిపోయినట్టే అత్తయ్యా. ఉన్న ఉద్యోగం కాస్తా ఇది మింగేసింది," అని కళ్ళు తుడుచుకుంది.

రివ్యూ రోజు వచ్చింది. నేను తలుపు పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. టీమ్ లీడర్ కంప్యూటర్‌లోంచి అందరూ వింటుండగా మా కోడలి పేరు చదివాడు. మీటల్లో మొదటి స్థానం! "ఎక్కడో అడుగున ఉన్న మనిషి! ఇంత కష్టం, ఇంత అంకితభావం! మీ రహస్యం ఏమిటో అందరికీ చెప్పండి," అన్నాడు.

ఈ పిచ్చితల్లికి అబద్ధం ఆడటం రాదు. "కీబోర్డు పాడైందండీ," అంది.

అందరూ పగలబడి నవ్వి చప్పట్లు కొట్టారు. ఎంత నిగర్వి అని మెచ్చుకున్నారు. ఉద్యోగం నిలబడింది!

మా పెద్దవాడు సంతోషం పట్టలేక, పెళ్ళాం కష్టం చూడలేక, మంచి కీబోర్డు ఒకటి కొనుక్కొచ్చాడు. మెత్తగా ఉంది. చప్పుడు లేదు. ఒకటి కొడితే ఒకటే పడుతుంది. కోడలు దాన్ని చూసి పామును చూసినట్టు వెనక్కి జరిగింది.

"అటక మీద పెట్టెయ్యండి," అంది.

"ఎందుకే? ఎంత బాగుందో చూడు."

"బాగుండటమే దాని జబ్బండీ."

వాడికేమీ అర్థం కాలేదు. బొటనవేలు ఎత్తి వెళ్ళిపోయాడు.

పాఠకులారా, కథ ఇక్కడితో అయిపోతే నేను ఈ పాటికి ఆ కీబోర్డుకు బొట్టుపెట్టి ఉండేదాన్ని. కానీ ఆఫీసువాళ్ళు తెలివైనవాళ్ళు. ఒక మనిషి అన్ని మీటలు కొట్టగలిగినప్పుడు మిగతావాళ్ళు ఎందుకు కొట్టలేరన్నారు. మా కోడలి లెక్కనే అందరికీ టార్గెట్‌గా పెట్టారు. మా కోడలికి ఇంకాస్త పెంచి పెట్టారు. ప్రతిభ ఉన్నవాళ్ళను ప్రోత్సహించాలి కదా!

దాంతో రెండేసి పడినా సరిపోని రోజులొచ్చాయి. పిల్ల జవాబులు సాగదీయడం నేర్చుకుంది.

మొన్న మధ్యాహ్నం ఒక పెద్దాయన రాశాడు. ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడటం లేదట. లోపల భార్యకు వేసే ఇంజెక్షన్లున్నాయట, వేడెక్కి పాడైపోతాయేమోనని కంగారు పడుతున్నాడు. మా కోడలు చదువుతూనే, "రబ్బరుకు జిడ్డు పట్టి ఉంటుంది, వేడినీళ్ళ గుడ్డతో తుడిస్తే చాలు," అని పైకే అనేసింది. అనేసి, వేళ్ళతో మాత్రం "మీకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము. మా సంస్థ మీ విశ్వాసాన్ని..." అని మొదలుపెట్టింది.

"తుడుచుకోమని చెప్పేయవే. పాపం, మందులంటున్నాడు."

"చెప్పేస్తే వెళ్ళిపోతారత్తయ్యా."

"వెళ్ళనీ."

"వెళితే నేనేం కొట్టాలి? చుక్క ఎర్రబడుతుంది."

ఆయన మళ్ళీ రాశాడు. "అమ్మా, ఉన్నారా?"

కోడలి చేతులు ఆగిపోయాయి. చుక్క పసుపురంగులోకి తిరిగింది. ఒక్కసారి నా మొహంలోకి చూసింది. కొట్టిందంతా చెరిపేసి, రబ్బరు సంగతి ఒక్క లైనులో రాసి పంపేసింది. కాసేపటికి "పడింది తల్లీ, చల్లగా ఉండు" అని జవాబొచ్చింది. ఆ పిల్ల మొహం విప్పారడం చాలా రోజులకు చూశాను. అప్పటికి చుక్క ఎర్రబడబోతోంది. ఖాళీ పేజీ ఒకటి తెరిచి, కీబోర్డును నా ముందుకు తోసింది.

"అత్తయ్యా, మీకు తోచింది కొడుతూ ఉండండి. నేను వచ్చే మెసేజ్ చదువుకుంటాను. చెయ్యి మాత్రం ఆపకండి."

అప్పట్నుంచీ మా ఇంట్లో ఆ ఉద్యోగం ఇద్దరం చేస్తున్నాం. కోడలు పని చేస్తుంది. నేను పని జరుగుతున్న చప్పుడు చేస్తాను. ఆఫీసువాళ్ళు లెక్కపెట్టుకునేది నా చప్పుడే.

మీరు ఇంతసేపూ చదివింది అలా ఒంటివేలితో నేను కొట్టిందే. జంట అక్షరాలను సాయంత్రం కోడలు ఓపిగ్గా తీసేసింది, అవీ లెక్కలో పడ్డాయి. కంపెనీ గుట్టంతా కంపెనీ చుక్క ముందే రాశావు, ఆ పిల్ల ఉద్యోగానికి ముప్పు కాదా అని మీరు మా కోసం భయపడుతున్నారేమో. నాకు ఆ బెంగ లేదు. ప్రతి అక్షరమూ వాళ్ళకు చేరింది. వాళ్ళు లెక్కపెట్టుకున్నారు. చదవడం వాళ్ళ పాలసీలో లేదు.