తాళం పడని వికీ

ఆ శుక్రవారం పొద్దున కిరణ్‌కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సంఘం ఆఫీసులోని కంప్యూటర్లో వికీ ఎక్కించాలి. దానికి తాళం వేయాలి. ఎదురుగా హోటల్లో ఉగ్గాని బజ్జీ తినాలి. కడుపు నిండిన ధైర్యంతో రామసుబ్బయ్య మామకు ఒక్క మాట చెప్పాలి. నిజానికి ఆ ఒక్క మాట కోసమే మిగతా పనులన్నీ.

మైదుకూరులో పసుపు వ్యాపారం చేసే రామసుబ్బయ్య అక్కడి వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడు. ఆయనకు ఒక్కతే కూతురు, శ్రీవాసవి. బజారులో కుర్రకారంతా ఆయన్ని మామా అనే పిలుస్తుంది గానీ, కిరణ్‌కుమార్ రెండేళ్ళుగా ఆ మాటను కొంచెం ఎక్కువ ప్రేమగా పలుకుతున్నాడు. బనగానపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన అదే కులం కుటుంబం, ఎంసీఏ చదువు, నాలుగు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటరు. ఇంతకు మించి అతని దగ్గర చెప్పుకోవడానికేమీ లేదు. సంఘానికి ఒక మంచి పని చేసిపెడితే ఆయన కంట్లో పడతానని ఆశ.

కడప నుంచి కర్నూలు దాకా తమ కులంలో ఉన్న పెళ్ళీడు పిల్లల వివరాలన్నీ ఒకచోట ఉండాలని రామసుబ్బయ్యకు ఎప్పటినుంచో కోరిక. “వికీ అని ఒకటుండాది మామా. ఎవురి పిల్లల వివరాలు వాళ్ళే రాసుకోవచ్చు. సాఫ్ట్‌వేరు ఊరకే వస్తాది” అన్నాడు కిరణ్‌కుమార్. ముందు రెండు వాక్యాలూ ఆయనకు అర్థం కాలేదు. మూడోది బాగా అర్థమైంది. సరే అన్నాడు.

ఆఫీసు కంప్యూటర్లోని లినక్స్ సర్వరు మాత్రం అంత సులువుగా సరేననలేదు. ఫైళ్ళు విప్పి డేటాబేసు తయారుచేశాక, ఫలానా ఫోల్డర్లో రాసే అనుమతి లేదని మొండికేసింది. కిరణ్‌కుమార్ మర్యాదగా ఒకసారి అనుమతిచ్చాడు, చాలదంది. ఇంకోసారి ఇచ్చాడు, అయినా చాలదంది. ఒళ్ళు మండి అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చిపారేశాడు. తర్వాత తీసేయొచ్చులే అనుకున్నాడు. అలా అనుకుని బాగుపడినవాళ్ళను మనమెవరమూ చూడలేదు.

వికీ లేచి కూర్చుంది. నాలుగు ఊళ్ళ నుంచి ముందే వచ్చిన వివరాలు ఎక్కించాడు. మొదటి పేజీ శ్రీవాసవిది. చివర్లో, పరీక్షకని మనసుకు చెప్పుకుని, ఆ పేజీనే కాపీ చేసి తన పేజీ ఒకటి మొదలుపెట్టాడు. పేరు మార్చాడు. చదువు మార్చాడు. ఎత్తు ఒక అంగుళం పెంచాడు. అంతలో మెట్లమీద చెప్పుల చప్పుడు వినబడేసరికి, ఉన్నదున్నట్టు సేవ్ చేసి మూసేశాడు.

రామసుబ్బయ్య ఒక చేత్తో టెంకాయ, ఇంకో చేత్తో పసుపు కుంకుమల గిన్నె పట్టుకుని వచ్చాడు. “ఏమప్పా, అయిపాయెనా? పదిన్నరకు రాహుకాలం వస్తాది. ఆలోపల తెరవాల.”

“ఒక్క పని ఉండాది మామా. తాళం వేసేస్తే ఎవురుబడితే వాళ్ళు మార్చేదానికి ఉండదు...”

“అంగడికి తాళం రాత్రి మూసేటప్పుడేస్తారు గానీ, బోణీ కాకముందే వేస్తారా?” అని ఆయన మానిటరుకు బొట్టు పెట్టి, గడపమీద టెంకాయ కొట్టి, మౌసు మీద చెయ్యి వేసి దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాత బనగానపల్లెకు, ప్రొద్దుటూరుకు, ఆళ్ళగడ్డకు వరసగా ఫోన్లు. “తెరిచినాం, చూసుకోండి!” ఆఖరి ఫోను పెట్టేసరికి గోడ గడియారంలో పదిన్నర అయింది. కిరణ్‌కుమార్ తాళం వేద్దామని కీబోర్డు మీదికి వంగాడు.

“చెయ్యి తియ్! రాహుకాలంలో కొత్త పని ఎవురన్నా మొదలుపెడతారా?” ఆయన కీబోర్డు పీకి బీరువా మీద పెట్టేశాడు. “ఊరికే కూర్చో. పన్నెండుకు ప్రొద్దుటూరు గోపన్న వస్తాండాడు, వాళ్ళ నాగచైతన్యకు మన వాసవిని అడిగేదానికి. తాంబూలాలు అయినాక వేద్దువులే నీ తాళం.”

కిరణ్‌కుమార్ కీబోర్డు లేని బల్ల ముందు కూర్చున్నాడు. ఆ ఒక్క మాట చెప్పే అదను దాటిపోయింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

మొదటి ఫోను బనగానపల్లె మామిడికాయల మండీ నుంచి. “మావోడు ఐదడుగుల రెండంగుళాలు గదా, ఆరడుగులని ఉండాదే?” అన్నాడాయన. కిరణ్‌కుమార్ వెంటనే సరిచేస్తానన్నాడు. “వద్దప్పా, ఉండనీ, బాగుండాది” అని పెట్టేశాడాయన. ఆ తర్వాత ఆళ్ళగడ్డ. ఇరవై తొమ్మిదేళ్ళ పెళ్ళికూతురు ఇరవై రెండుకు దిగిందట, ఎదురింటివాళ్ళది గొడవ. ఇంకో అబ్బాయికి ‘కోపం ఎక్కువ’ అని ఎవరో మేలుకోరి రాశారట. ప్రతి ఫోనుకూ కిరణ్‌కుమార్ బీరువా పైకి చూసేవాడు. రామసుబ్బయ్య గడియారం వైపు చూపించేవాడు.

గోపన్న రాహుకాలానికి ముందే ప్రొద్దుటూరులో బయలుదేరాడు కాబట్టి తొందరగా వచ్చేశాడు. పండ్ల పళ్ళెం పక్కన పెట్టుకుని, పన్నెండు ఎప్పుడవుతుందా అని కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం ఎందుకని రామసుబ్బయ్య, “చూసేదానికి తప్పులేదు, మీవోని పేజీ చూద్దాం” అని మౌసు కదిపాడు. కదిపినవాడు అలాగే బిగుసుకుపోయాడు.

“ఏమప్పా గోపన్నా, మధ్యవర్తి మీది పెండ్లికుల గోత్రమని చెప్పె. దీంట్లో ధేనుకుల అని ఉండాదే? మాదీ ధేనుకులే గదా!”

“ఎవురో తప్పు రాసిండారు సామీ. మాది పెండ్లికులే.”

“మీ ఇంటి గోత్రం మీ ఇంటోళ్ళు కాక ఎవురు రాస్తారు? నోటిమాట నమ్మి నేనెప్పుడన్నా సరుకు కొన్నానా? టెంకాయ కొట్టి తెరిచిన పెట్టె ఇది. అన్నాచెల్లెండ్లకు పెండ్లి చేసిన పాపం నాకొద్దు!”

“అంటే నా గోత్రమే నాకు తెల్దంటావా?” గోపన్న ముఖం జేవురించింది. మూడు తరాల పేర్లు చెప్పాడు. రామసుబ్బయ్య తెర చూపించాడు. ఇంకో రెండు తరాలు చెప్పాడు. రామసుబ్బయ్య మళ్ళీ తెరే చూపించాడు. గోపన్న పళ్ళెం తీసుకుని, మెట్లమీద ఒక అరటిపండు రాలినా వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

కిరణ్‌కుమార్‌కు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. సంబంధం తప్పిపోయింది, నిజమే. కానీ అది తాళం వేయని తన తప్పువల్ల. రేపు ఈ సంగతి బయటపడితే పిల్ల సంగతి దేవుడెరుగు, మైదుకూరులో ఇంటర్నెట్ సెంటరు కూడా నడవదు. ఉన్నమాట చెప్పేద్దామని లేచాడు. అప్పుడే శ్రీవాసవి కింది ఇంట్లోంచి మజ్జిగ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి, కళ్ళతోనే అతన్ని మెట్ల దగ్గరికి రమ్మంది.

“చెప్పేదానికి పోతాండావా?”

“తప్పు నాదే వాసవీ. ఎవురో మార్చినారు...”

“ఎవురో కాదు, నేనే. మా ఇంట్లో కంప్యూటర్లో చూస్తాంటి. పైన ఎడిట్ అని ఉండె. మార్చినా.”

“ఎందుకు?”

“రెండేండ్లుగా మా నాయినను మామా, మామా అని ఊరికే పిలుస్తాండావా? నువ్వు చెప్తావని ఎంతకాలం చూడాల?” అని గ్లాసు చేతిలో పెట్టి లోపలికి పోయింది.

ఆ క్షణంలో కిరణ్‌కుమార్‌కు లినక్స్ మీదా, రాహుకాలం మీదా, సమస్త లోకం మీదా ప్రేమ పుట్టుకొచ్చింది. పన్నెండు కొట్టగానే రామసుబ్బయ్య కీబోర్డు దించాడు. “ఎత్తులు, వయసులు యాడవి ఆడ మారుస్తాండారు. ఇంక ఎవురూ ముట్టకుండా తాళం వెయ్యి. సర్వరుకు, వికీకి అన్నిటికీ. రహస్యం మాట నేనే పెడతా. నువ్వు ఆ పక్కకు తిరుగు.” కిరణ్‌కుమార్ ఆనందంగా గోడవైపు తిరిగాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆయన తాళం బిగించాడు.

“ఇంక మన వాసవికి దీంట్లో ఎవురుండారో చూద్దాం” అని ఆయన పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. “ఓరి! కిరణ్‌కుమార్, ఎంసీఏ. ఎదురుగానే ఉండే పిల్లోన్ని పెట్టుకుని ఊర్లన్నీ తిరుగుతాండాను గదా! నిన్ను ఆ కంటితో యెప్పుడూ చూడలేదప్పా.” కిరణ్‌కుమార్ చెవుల్లో మేళతాళాలు మోగాయి. గుమ్మం వెనక గాజులు గలగలమన్నాయి. ఆయన కిందికి చదువుతూ పోయాడు. చదువుతూ పోయి నిట్టూర్చాడు.

“గోత్రం... ధేనుకుల.”

శ్రీవాసవి పేజీని కాపీ చేసి, చెప్పుల చప్పుడుకు జడిసి సగంలో ఆపిన సంగతి కిరణ్‌కుమార్‌కు అప్పుడు గుర్తొచ్చింది. బల్ల దగ్గరికి ఉరికాడు. “అది తప్పు మామా! నేనే పొరపాటున... మాది వేరే గోత్రం...”

“నీ గోత్రం నువ్వే తప్పు రాసుకుంటావా? గోపన్న కూడా ఇదే మాట చెప్పె.” ఆయన జాలిగా భుజం తట్టాడు. “పోనీలే. వాసవికి అన్న లేని కొరత తీరిపాయె. పెండ్లి పనులన్నీ నువ్వే చూసుకోవాల. ఇంకమీదట నన్ను మామా అనాకు. పెదనాయినా అను.”

ఇదంతా తప్పని నిరూపిస్తే గోపన్న పళ్ళెంతో తిరిగొస్తాడు. నిరూపించకపోతే తను అన్నవుతాడు. కిరణ్‌కుమార్ కుర్చీలో కూలబడ్డాడు. రామసుబ్బయ్య భోజనానికి దిగిపోయాక శ్రీవాసవి ఖాళీ గ్లాసు కోసం వచ్చింది.

“ఏడవాకు. మా నాయిన ఏ తాళానికైనా మా అవ్వ పేరే పెడతాడు. ఆయనకు నిన్న ఏముండెనో గుర్తుండదు, ఈపొద్దు కంప్యూటర్లో ఏముంటే అదే నిజం. ఆయన ఇంటి గడప దాటని టైము ఒకటి చూడు” అంది.

కిరణ్‌కుమార్ గోడమీది క్యాలెండరు చూశాడు. మర్నాడు శనివారం, రాహుకాలం తొమ్మిదింటికే.