డప్పు కాచిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున లింగమూర్తి తలపెట్టింది చాలా చిన్న పని. టేపురికార్డరులో కొత్త క్యాసెట్ వేసి, తల్లి కిష్టవ్వ చేత నాలుగు బతుకమ్మ పాటలు పాడించడం. పాతికేళ్లుగా మందమర్రి కాలనీలో కిష్టవ్వ ఎత్తుకోనిదే బతుకమ్మ పాట మొదలయ్యేది కాదు. ఇప్పుడా గొంతులో గడ్డ లేచింది. మర్నాడే కరీంనగర్‌లో ఆపరేషన్. ప్రాణానికి భయం లేదుగాని, ఆ తర్వాత పాట వస్తుందని మాత్రం చెప్పలేనన్నాడు డాక్టరు. ఉన్నది ఆ ఒక్క రోజే.

తాళం కోసం మంచిర్యాల ఆర్కెస్ట్రా వాళ్లనడిగి ఒక ఎలక్ట్రానిక్ పెట్టె తెచ్చాడు. బటన్ నొక్కితే తనంతట తానే దరువు వేస్తుంది. కిష్టవ్వ మొదటి చరణంలోనే ఆగిపోయింది.

"గీ డబ్బా నాకోసం ఆగుతలేదు కొడుకా. దమ్ము తీసుకునేదాక జర ఆగాలె గదా?"

"మెల్లగ పెడ్త అవ్వా."

"మెల్లగ పెట్టినా ఆగదు గది. రాయమల్లును పిలువు. నా దమ్ము ఆయనకెర్క."

ముప్పై ఏళ్లు బతుకమ్మల ముందు డప్పు కొట్టిన రాయమల్లు వచ్చాడు. ముసురుకు తోలు మెత్తబడిందని వాకిట్లో గడ్డి మంట వేసి డప్పు కాచాడు. బిగిసిందో లేదోనని నాలుగు దెబ్బలు వేశాడు. లోపల లింగమూర్తి రికార్డు బటన్ నొక్కాడు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పు ఉంది, పొగ ఉంది, డప్పు ఉంది, లోపల జబ్బు మనిషి ఉంది. లేనిదల్లా శవమే. ఇంటి ముందు మంట, డప్పు కలిసి కనబడితే మన వైపు ఇంకో అర్థం ఉండదు. ఎదురింటి ఎల్లక్క పరుగున వచ్చింది.

"ఓ కిష్టక్కా! మమ్ముల ఇడిసిపెట్టి పోతివా!"

ఆ శోకానికి వాడంతా కదిలింది. ఒక పుణ్యాత్ముడు లక్సెట్టిపేట బస్సు డ్రైవరుతో కిష్టవ్వ చెల్లెలు మల్లక్కకు కబురు పంపాడు. ఇంకొకడు వెదురు బొంగులు తెచ్చి వాకిట్లో పడేశాడు. ఇదంతా చూసి రాయమల్లుకే అనుమానం వచ్చింది.

"లింగన్నా, అవ్వ ఇప్పటిదాక మంచిగనే ఉండె గదా?"

జనం తలుపు తోసుకొని వచ్చేసరికి శవం మంచం మీద కూర్చొని ఉంది. ఏదో అంది గాని, ఏడుపుల్లో ఎవరికీ వినబడలేదు. టేపు ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

సంగతి తెలిశాక ఏడ్చినవాళ్లంతా సిగ్గుపడ్డారు. వాళ్లను ఓదార్చే పని కిష్టవ్వ మీద పడింది. ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించి చాయ్ తాగించి పంపింది. మధ్యాహ్నం మల్లక్క దిగి, బొంగులు చూసి సొమ్మసిల్లింది. ఆమెను లేపి, నమ్మించి, అక్కచెల్లెళ్లిద్దరూ పాత ముచ్చట్లు చెప్పుకొని ఏడ్చేసరికి పొద్దు గూకింది.

"అవ్వా, ఒక్క పాట..."

"గొంతు పూడుకపోయింది బిడ్డా. దవాఖానల నుంచి వచ్చినంక పాడుత తియ్యి."

ఆపరేషన్ బాగానే అయింది. కిష్టవ్వ ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. పాట మాత్రం రాలేదు. ఆ మంటేదో ఇంటి వెనక వేయించినా సరిపోయేదని లింగమూర్తి ఇప్పటికీ కుమిలిపోతాడు.

అవ్వ గొంతు వినాలనిపించినప్పుడల్లా ఆ క్యాసెట్టే పెట్టుకుంటాడు. అరగంట ఏడుపులు, మధ్యలో ఒక్కచోట కిష్టవ్వ: "ఏడ్వకుండ్రే, నేను సావలే."