పీలిస్తే రావాలి, ఊదితే ఆగాలి

ఆ శనివారం పొద్దున అర్డిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్రిజ్ కడగాలి, తర్వాత సగంలో ఆగిపోయిన బొంత కుట్టు అందుకోవాలి. బయట వాన లేదు. వాళ్ల ఊరు ఎల్క్ ఫోర్క్‌లో వాన లేని శనివారమంటే మగవాళ్లు షెడ్లలో దూరతారు, ఆడవాళ్ల ఇళ్లు కాసేపు ఆడవాళ్లకు దక్కుతాయి. ఆమె కాఫీ కప్పు పుచ్చుకుని ఫ్రిజ్ తలుపు తీసిందో లేదో, వెనక షెడ్డులోంచి ఎవరో బెలూన్ ఊదబోయి ఓడిపోతున్నట్టు చప్పుడు వచ్చింది. తర్వాత దగ్గు. ఆ తర్వాత ఆమె భర్త హార్లన్ గొంతు, చర్చిలో పలకని మాటలు పలుకుతూ.

హార్లన్ జీవితమంతా కొండమీద ఫర్ చెట్లు నరికి రిటైరైనవాడు. అర్డిస్ వెళ్లేసరికి అతని పసుపుపచ్చ మోటారు రంపం పొట్ట విప్పుకుని బల్లమీద పడి ఉంది. అది వాళ్ల పెళ్లికన్నా పాతది. హార్లన్ అగ్గిపెట్టెంత లోహపు దిమ్మెను నోటికి ఆనించుకుని బుగ్గలు బీట్‌రూట్ రంగుకు వచ్చేదాకా ఊదుతున్నాడు.

"ఏమిటది, మౌతార్గనా?"

"రీడ్ వాల్వు. పీలిస్తే గాలి రావాలి, ఊదితే ఆగాలి. ఇది ఊదినా పోతోంది."

అర్డిస్ దిమ్మెను వెలుతురులోకి తిప్పి చూసింది. దానికి కిటికీల్లాంటి నాలుగు కంతలు, ఒక్కో కంతమీదా ఒక పల్చటి ఉక్కు నాలుక. ఇంజను ఊపిరి పీల్చినప్పుడు నాలుకలు లేచి పెట్రోలు కలిసిన గాలిని లోపలికి రానిస్తాయట, మరుక్షణం మూసుకుని వచ్చినదాన్ని వెనక్కి పోనివ్వవట. నిమిషానికి వేలసార్లు. ఆమెకు ముచ్చటేసింది. అంత వేగంగా మూతపడే నాలుకను ఆ ఊళ్లో ఆమె అంతవరకూ చూడలేదు.

నాలుకల్లో ఒకటి విరిగింది. రంపం చేసిన కంపెనీ ఏనాడో మూతబడింది కాబట్టి కొత్తవి కొందామన్నా దొరకవు. చెట్లు కొట్టే లాగర్ల పండుగ చూస్తే దగ్గరపడింది.

ఆ పండుగలో దుంగమీంచి మూడు బిళ్లలు ఎవరు ముందు కోస్తే కప్పు వాళ్లది. హార్లన్‌కి ఊరంతటితో పోటీ లేదు, అర్డిస్ తమ్ముడు వెండెల్ ఒక్కడితోనే. ఓడినవాడు గెలిచినవాడి ఇంటికి చలికాలానికి సరిపడా కట్టెలు కొట్టి పేర్చాలని బావాబావమరుదులు ఎప్పుడో పందెం కట్టుకున్నారు. మూడేళ్లుగా హార్లనే నడుము పట్టుకుని వెండెల్ ఇంట్లో కట్టెలు పేరుస్తున్నాడు. ఆ పని ముగించుకుని వచ్చేసరికి వానలు పట్టుకునేవి. సొంతింటి పొయ్యిలో తడి కట్టెలు బుసలు కొడుతుంటే అర్డిస్ రెండు స్వెట్టర్లు వేసుకుని తమ్ముడి విజయాన్ని తలుచుకునేది.

ఈసారి హార్లన్ ఇంజనునే మార్చేశాడు. గాలి వెళ్లే దారిని నున్నగా సానబట్టాడు. సిలిండరు అడుగు కాస్త అరగదీసి లోపలి ఒత్తిడి పెంచాడు. సైలెన్సరుకు ఇంకో కంత పెట్టాడు. ఇంత చేశాక నాలుక విరిగింది.

"వెండెల్ చెవిన పడకూడదు అర్డీ. రీడ్ పోయిందని తెలిస్తే పండుగదాకా నవ్వుతాడు. నేనే కొత్తవి చేస్తున్నానని తెలిస్తే వాడూ మొదలెడతాడు. ఒట్టెయ్యి."

"అబద్ధం ఆడను. చెప్పనంతే."

"అది చాలు," అన్నాడు హార్లన్.

అది చాలలేదు.

పక్కింటి ఫెర్న్ ఊళ్లో కాఫీ హోటల్ నడుపుతుంది. ఆమె హోటల్లో కాఫీకన్నా ముందు కబురు కాగుతుంది. ఆ మధ్యాహ్నం కేకు పళ్లెం తిరిగిచ్చేందుకు పెరటి దారిన వస్తూ ఆమె షెడ్డు కిటికీలోంచి చూసింది. హార్లన్ ఏదో పరికరం నోట్లో పెట్టుకుని పీల్చాడు, ఊదాడు, ఇనుపరజను గొంతుకు అడ్డంపడి వంగిపోయి దగ్గాడు, చివరికి తల పట్టుకుని కూలబడ్డాడు. ఫెర్న్ పళ్లెం ఇవ్వడం మరిచిపోయి వంటింట్లో కుర్చీ లాక్కుంది.

"హార్లన్ ఏదో దాంట్లోకి ఊదుతున్నాడు. మొహం కమిలిపోయింది పాపం. ఏమైంది?"

"బయట చెప్పొద్దన్నాడు, ఫెర్న్."

"నేనేమన్నా బయటిదాన్నా?"

"పండుగ అయ్యేదాకా ఎవరికీ తెలియకూడదంటున్నాడు."

ఫెర్న్ కళ్లు నిండాయి. ఆమె అర్డిస్ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "పండుగ చూసి పోవాలని ఉందన్నమాట," అంది.

అర్డిస్ నోరు తెరిచింది, ఒట్టు గుర్తొచ్చి మూసుకుంది. ఆమె తెరిచిన నోట్లోంచి రావాల్సిన మాట రాకపోవడాన్ని ఫెర్న్ దుఃఖం కింద జమకట్టుకుని వెళ్లిపోయింది.

కుండకు మూకుడు పెట్టగలం గాని ఊరి నోటికి పెట్టలేం. పొద్దువాలేసరికి మొదటి పళ్లెం వచ్చింది, చేపముక్కలూ చీజూ వేసి కాల్చిన నూడిల్స్. దాని వెనకే అలాంటివే ఇంకొన్ని. ఎల్క్ ఫోర్క్‌లో ఒక మనిషి మంచాన పడితే ఆడవాళ్లు వంట మోసుకొస్తారు, మగవాళ్లు కట్టెలు దింపిపోతారు. ఏం జబ్బని అడగరు, చెప్పబోతే విననివ్వరు. ఆదివారం ప్రార్థన అయ్యాక ట్రక్కులు వరుసకట్టాయి. చీల్చి ఎండబెట్టిన ఆల్డర్ కట్టెలు షెడ్డు పక్కన దబదబా పడుతుంటే హార్లన్ కర్టెను చాటున నిలబడి సిగ్గుతో చచ్చిపోయాడు. ఊరి అగ్నిమాపక దళం వాళ్లు ఒక ఆక్సిజన్ సిలిండరు తెచ్చి వరండాలో పెట్టి, టోపీలు తీసి, మాట్లాడకుండా వెళ్లారు.

"ఇప్పుడే వెళ్లి నిజం చెప్పేస్తాను," అన్నాడు హార్లన్.

"చెప్పు. వెండెల్ కూడా ఆ ట్రక్కుల దగ్గరే ఉన్నాడు."

హార్లన్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కాసేపయ్యాక ఆ సిలిండరు వెల్డింగుకు బాగుంటుందేమోనన్నాడు. అర్డిస్ దాన్ని మెట్లకింద గదిలో పెట్టి తాళం వేసింది.

జబ్బు ఇంత బాగా సాగుతున్నా నాలుకలు మాత్రం కుదరడం లేదు. హార్లన్ స్ప్రింగు రేకును రేకు కత్తెరతో కత్తిరిస్తున్నాడు. కత్తిరించిన ప్రతి అంచూ ఎండుటాకులా ముడుచుకుంటోంది, ముడుచుకున్నచోట గాలి కారుతోంది. పైగా మందం గొడవొకటి. రేకు మరీ పల్చనైతే చటుక్కున లేస్తుంది కాని ఇంజను వేగం అందుకోగానే వణికిపోతుంది. మందమైతే వణకదు, లేవడానికి బద్ధకిస్తుంది. రెంటికీ మధ్య వెంట్రుకవాసి తేడా.

రేకు అయిపోవచ్చింది. తన ఒట్టుకు ఇంత ఖరీదుందని తెలియని అర్డిస్‌కి ఇప్పుడు ఆ నాలుకల సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది. జారిపోయే సిల్కుగుడ్డ కత్తిరించాలంటే ఆమె దాన్ని రెండు అట్టలమధ్య పెట్టి కత్తిరిస్తుంది. రేకూ జారుడుగుడ్డే అనుకుంది. రొట్టెలు కోసే మేపుల్ చెక్క పలకను రెండుగా కోసి, మధ్యలో రేకుముక్కలు పేర్చి, బిగించి, చెక్కతోపాటే ఆకురాయితో రాసుకుంటూ పోయింది. విప్పి చూస్తే నాలుగూ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. తర్వాత ఫ్రిజ్‌లోంచి గాజు అర ఒకటి బయటికి లాగి, దానిమీద నూనె వేసి, గరుకు కాగితంతో నాలుకల్ని మెల్లగా అరగదీసింది. అరలోని నూడిల్స్ పళ్లేలు నేలమీదికి వచ్చాయి. ఫ్రిజ్ కడగడం ఎలాగూ జరిగే పని కాదని తేలిపోయింది.

నాలుకల్ని దిమ్మెకు బిగించి, వెలుతురు బాగుంటుందని వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఆమె పీల్చింది. గాలి వచ్చింది. ఊదింది. సన్నగా కారింది. ఇంకాస్త అరగదీసి మళ్లీ ఊదింది. మొహం ఎర్రబడేదాకా ఊదింది, ఆగింది, ఊదింది. చివరికి గాలి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయింది. సంతోషంతో ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇదంతా ఫెర్న్ ఆపిల్ కూరి కాల్చిన 'పై' పళ్లెం పట్టుకుని గేటు దగ్గర నిలబడి చూసింది. పళ్లేన్ని గేటు స్తంభంమీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ రోజునుంచి పళ్లేలు గేటు దాటి రాలేదు. కట్టెలు మాత్రం వస్తూనే ఉన్నాయి, కంచెమీంచి ఎగురుకుంటూ. జబ్బు అంటుకునేదని ఊరికి అర్థమైపోయింది. అర్డిస్ కొట్టుకు వెళితే చీజు దగ్గరున్న జనమంతా ఒక్కసారిగా సబ్బుల దగ్గర పని గుర్తొచ్చినట్టు కదిలేవాళ్లు. ఆమె బంగాళాదుంపలు ఇంత తీరిగ్గా ఎప్పుడూ ఏరుకోలేదు.

బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడని సామెత. పండుగ ముందురోజు వెండెల్ ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని వచ్చాడు. రుమాలు అప్పటికే తడిసి ఉంది. అక్కను చూశాడు, బావను చూశాడు.

"బావా, రేపు నేను రంపం ఎత్తను. కప్పు నీదే. కట్టెలు కూడా నేనే పేరుస్తాను, ఎన్నేళ్లైనా సరే."

మూడేళ్లుగా హార్లన్ కలలుగన్నది ఇదే. కాని ఇలా కాదు. అతని మొహంలో రంగులు మారాయి.

"నువ్వు జాలిపడి పారేసిన కప్పులో నేను కాఫీ తాగాలా?"

"నీ మంచికేగా బావా..."

"ఒరేయ్, నాకు జబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఇదీ నా జబ్బు." హార్లన్ జేబులోంచి దిమ్మె తీసి వెండెల్ చేతిలో పెట్టాడు. "ఊదు."

వెండెల్ రుమాలు కిందికి లాగి దిమ్మెను నోటికి ఆనించి పీల్చాడు. తర్వాత ఊదాడు. ఇంకా గట్టిగా ఊదాడు. మొహం ఎర్రబడింది, గాలి పిసరు కూడా కారలేదు. అతని కళ్లలోంచి జాలి మెల్లగా దిగిపోయింది, ఆ స్థానంలో కుతూహలం వచ్చి కూర్చుంది.

"ఎవరు చేశారిది?"

"నేనే," అన్నాడు హార్లన్.

అర్డిస్ పళ్లేలు తోముతోంది. ఒక పళ్లెం కాస్త గట్టిగా చప్పుడు చేసింది.

"అయితే రేపు చూసుకుందాం," అంటూ వెండెల్ రుమాలు జేబులో పెట్టుకుని లేచాడు. కంచె అవతల ఫెర్న్ ఒక చేత్తో గుండె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె లెక్కలో జబ్బు తగిలిన మూడోవాడు.

పండుగ రోజు మైదానంలో ముందు బెంచీలు ఖాళీగా ఉన్నాయి, వెనక బెంచీల్లో మనిషిమీద మనిషి ఉన్నాడు. దుంగకు పక్కనే ఒక బల్ల, బల్లమీద ఊపిరి కొలిచే, సూదీ గొట్టమూ ఉన్న పరికరం, బల్ల వెనక జిల్లా నర్సు. ఫెర్నే పిలిపించింది. ముగ్గురి ఊపిరితిత్తులూ చూడందే రంపం ముట్టనివ్వనని నర్సు చెప్పింది. హార్లన్ ఊదాడు. సూది చివరిదాకా పోయి ఠక్కున కొట్టుకుంది. వెండెల్ ఊదినా అంతే. నర్సు పరికరాన్ని ఒకసారి విదిలించి అర్డిస్‌కి ఇచ్చింది. అర్డిస్ ఊదాక సూది వెనక్కి రాలేదు.

"నన్ను కాదు, గుర్రాల డాక్టర్ని పిలవాల్సింది," అంది నర్సు.

హార్లన్‌కి చెమట పట్టింది. ఊరంతా మోసపోయిన సంగతి ఇప్పుడు బయటపడుతుందనీ, షెడ్డు పక్కనున్న కొండంత కట్టెల లెక్క ఇప్పుడు అడుగుతారనీ అనుకున్నాడు. కాని అంతలో ఫెర్న్ లేచింది.

"నూడిల్స్‌లో నేను వెల్లుల్లి ఎక్కువ వేశాను," అంది. "ఊరికే వేయలేదు."

పాస్టరు ప్రార్థనల సంగతి గుర్తుచేశాడు. అగ్నిమాపక దళం సిలిండరును తలుచుకుంది. ఎండు కట్టెల వెచ్చదనం ఛాతీకి ఎంత మంచిదో ట్రక్కులవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఘడియలో ఊరంతా వైద్యులైపోయారు. ఇచ్చిన మందు ఎవరైనా వెనక్కి అడుగుతారా?

రంపాలు లేచాయి. మొదటి బిళ్ల వెండెల్‌దే ముందు పడింది. రెండోదానికి పసుపుపచ్చ రంపం గొంతు మారింది, గొణుగుతున్న మనిషి ఒక్కసారిగా పాటెత్తుకున్నట్టు. ఆ గొంతులో వణుకు లేదు. వెండెల్ మోకాళ్లు వంచి, పళ్లు బిగించి, రంపాన్ని దుంగలోకి నొక్కుతూనే ఉన్నాడు. హార్లన్ మూడో బిళ్ల గడ్డిలో దొర్లి ఆగాక గాని అతనిది తెగలేదు. వెండెల్ చేతనైనంత గట్టిగా ప్రయత్నించి నిజంగా ఓడిపోయాడని ఆ మైదానంలో ముగ్గురికే తెలుసు.

మిగతావాళ్లకు ఇంకొకటి తెలుసు. "జబ్బునుంచి లేచిన బావకోసం ఎలా వదిలేశాడో చూశారా," అని ఎవరో అన్నారు. చప్పట్లు వెండెల్‌కి మోగాయి. ముసలమ్మలు వచ్చి కావలించుకున్నారు. వెండెల్ తల దించుకున్నాడు, కాదనలేదు.

హార్లన్ కప్పు పుచ్చుకుని మైకు అందుకున్నాడు. నాలుకలు తనే చేశాననీ, ఒక్కడే చేశాననీ, రేకు ఎలా కోయాలో, గాజుమీద ఎలా అరగదీయాలో వివరంగా చెప్పాడు. కోలుకుంటున్న మనిషి మాటలకు కొట్టినట్టు జనం మెత్తగా చప్పట్లు కొట్టారు. అర్డిస్ కూడా కొట్టింది.

పందెం ప్రకారం వెండెల్ కట్టెలు పేర్చడానికి వచ్చాడు. షెడ్డు ఎప్పుడో నిండిపోయింది కాబట్టి ఇంటిచుట్టూ కిటికీల ఎత్తుదాకా పేర్చాడు. పని అయ్యాక వెనక తలుపు దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, జేబులోంచి తన రంపం దిమ్మె తీసి వంటింటి బల్లమీద పెట్టాడు.

"అక్కా, అది బావ చేతిపని కాదు. చిన్నప్పుడు నా చొక్కాలకు అతుకులు వేసింది నువ్వేగా. ఆ అంచు నాకు తెలీదా? నాకూ ఓ నాలుగు చేసిపెట్టు. బావకి చెప్పకు."

"అబద్ధం ఆడను," అంది అర్డిస్. "చెప్పనంతే."

అతను వెళ్లిన కాసేపటికి షెడ్డులోంచి హార్లన్ కేకేశాడు. నాలుకలు అరుగుతాయట, వచ్చే పండుగకు కొత్తవి కావాలట, వీలైనప్పుడు చూడమన్నాడు. అర్డిస్ ఫ్రిజ్‌లోంచి గాజు అర తీసి బల్లమీద పెట్టి నూనె సీసా అందుకుంది. ఎనిమిది నాలుకలకు రేకు ఉంది. పొయ్యిలో ఎండు కట్టె చిటపటమంటోంది, ఒక్క స్వెట్టరే ఎక్కువనిపిస్తోంది.

వచ్చే ఏడాది ఎవరు గెలవాలో ఆమె ఇంకా నిర్ణయించుకోలేదు.