వెయిటింగ్ రూములో గొడుగు

ఆదివారం ఉదయం లిఫ్టుల ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి తన మాడ్‌ను సైటులో పెట్టాలి. తొమ్మిదింపావుకు కూరగాయల సంచీ పట్టుకుని, మబ్బులు ముసురుకునేలోపు బజారుకు వెళ్ళాలి. పదిన్నరకు తిరిగొచ్చి, జనం ఏమని మెచ్చుకున్నారో తీరిగ్గా చదువుకోవాలి. వంటింట్లో మేకుకు వేలాడుతున్న సంచీని ముందే తెచ్చి కుర్చీ వీపుకు తగిలించుకున్నాడు.

అది రైల్వే స్టేషన్లు కట్టే ఆట. కంపెనీవాళ్ళు ఇవ్వని వస్తువులను ఆడేవాళ్ళే బొమ్మలు గీసి తయారుచేసి, ఇంటర్నెట్‌లో ఒక సైటు ద్వారా ఒకరికొకరు పంచుకుంటారు. వాటినే మాడ్‌లు అంటారు. ఇన్‌స్పెక్టరు రెండేళ్ళు కూర్చుని ఒక పాత వెయిటింగ్ రూము తయారుచేశాడు. బెంచీలు, గోడలు తనవే. తన చేతికి లొంగనివి మాత్రం ఇతరుల మాడ్‌ల నుంచి తీసుకున్నాడు, అదీ ప్రతిదానికీ అనుమతి అడిగి. గడియారానికి ఒక ఉత్తరం. కిటికీ అద్దం మీది మురికికి ఒక ఉత్తరం. చెత్తబుట్టలో నలిగిన కాగితానికి రెండు ఉత్తరాలు. వారమంతా భవనాలకు వెళ్ళి "కాగితాలేవి?" అని అడిగే మనిషికి ఆదివారం మాత్రం కాగితాల్లేకుండా ఎలా గడుస్తుంది?

సైటులో ఇతరుల బొమ్మలు వాడుకోవడానికి నియమాలు రాసింది కూడా అతనే. అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. అడిగాక జవాబుకు ఏడు రోజులు ఆగాలి. అనుమతి లేని బొమ్మ దొరికితే మాడ్ తీసేసి, చేసినవాళ్ళను ఆరు నెలలు బయట పెట్టాలి. పోయిన ఏడాది 'మబ్బు' అనే మారుపేరుగల ఆవిడ ఎవరి మాడ్‌లోంచో ఆకాశం ఒక మూల కత్తిరించి వాడుకుంటే, అతనే పట్టుకుని నలుగురిలో నిలదీశాడు. "ఆకాశం ఎవరి సొత్తూ కాదు కదండీ" అందావిడ. "ఈ ఆకాశానికి ఓనరున్నాడు" అన్నాడతను. ఆరు నెలలూ పూర్తిచేసుకుని ఆవిడ ఈమధ్యే తిరిగొచ్చింది.

తొమ్మిదింటికి మాడ్ వెళ్ళింది. తొమ్మిదీ పదికి మొదటి వ్యాఖ్య మబ్బు నుంచే వచ్చింది. "చాలా బాగుందండీ. ఆ మూల బెంచీకి ఆనించిన గొడుగైతే మరీ. అదెవరిదండీ?"

ఇన్‌స్పెక్టరు అనుమతుల జాబితా తెరిచాడు. నూట పన్నెండు వస్తువులున్నాయి. గొడుగు లేదు.

ఆ బొమ్మ తన కంప్యూటరులోనే, 'తాత్కాలికం' అని పేరు పెట్టిన ఫోల్డరులో రెండు నెలల కిందట కనిపించింది. అంత బాగా గీయడం తనకు రాదు కాబట్టి ఎక్కడినుంచో తెచ్చే ఉంటాడు. తెచ్చాడు కాబట్టి అడిగే ఉంటాడు. తన నిజాయితీ మీద అతనికి అంత నమ్మకం.

బొమ్మను పెద్దది చేసి చూశాడు. నల్లగొడుగు. ఒక కమ్మి వంగి ఉంది. పక్కన, చీమ తలకాయంత సైజులో, '3' అన్న అంకె. వస్తువు పోయినప్పుడు మనిషికి కోపం వస్తుంది. ఎవరిదో వస్తువు తన దగ్గర దొరికితే భయంతోపాటు కుతూహలం కూడా వస్తుంది. ఎవరితను? ఇన్ని కమ్ముల్లో ఒక్కదాన్నే ఎందుకు వంచాడు? అంకెనే సంతకంగా పెట్టుకునే మనిషి ఎలాంటివాడై ఉంటాడు?

"ఒంటరివాడు" అన్నాడు పైకే. "సంసారం బాదరబందీ లేనివాడు. ఉంటే ఇంత ఓపిక ఎక్కడిది?"

"ఎవరూ?" అంటూ భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఈ గొడుగు గీసినతను. కమ్మి వంగడంలో ఎంత దుఃఖం పెట్టాడో చూడు."

"మీరింకా బజారుకి వెళ్ళలేదా?"

కంప్యూటరు ఉన్నది అత్తగారి గదిలో. వెలుతురు బాగుంటుందని రెండేళ్ళ కిందట తెచ్చి పెట్టాడు. అప్పటినుంచి ఆవిడ మంచం తలుపు వారకు జరిగింది. నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఏళ్ళు పైపుల నక్షాలు గీసి రిటైరైన మనిషి. మంచం మీద కూర్చుని పేపరులో గళ్ళనుడికట్టు నింపుతోంది. అల్లుడితో నేరుగా మాట్లాడదు, అతనూ మాట్లాడడు. గౌరవమంతా మధ్యలో అమ్మాయి మోస్తూ ఉంటుంది.

దాచిపెట్టడం ఇన్‌స్పెక్టరు వల్ల కాలేదు. సైటులో ప్రకటన పెట్టాడు: "గౌరవనీయులైన చిత్రకారులకు. మీ గొడుగు నా దగ్గరుంది. ఎలా వచ్చిందో తెలియదు. దయచేసి మీరెవరో తెలపండి."

పది నిమిషాల్లో ఒకడు "నాదే" అన్నాడు. అసలు ఫైలు చూపించమంటే పచ్చగొడుగు చూపించాడు. ఇంకొకడు, '3' అంటే పాతకాలం మాడ్‌ల మహానుభావుడని, ముఖం ఎవరికీ చూపించలేదని రాశాడు. మూడోవాడు "ఆయన పోయారుగా పాపం" అన్నాడు. ఎలా పోయారని ఎవరూ అడగలేదు. పదకొండయ్యేసరికి నలభైమంది తమ ఫొటోలు తీసేసి గొడుగు బొమ్మ పెట్టుకున్నారు. స్వర్గస్థుడి గొడుగు కాజేశారా అని ఇన్‌స్పెక్టరును తిట్టడం మొదలైంది.

కంగారులో గొడుగు తీసేసి మాడ్‌ను మళ్ళీ పెట్టాడు. అది ఇంకా పెద్ద పొరపాటైంది. "ఆనవాలు కూడా చెరిపేశాడు!" అని గగ్గోలు పెట్టారు. ఆఖరికి సైటు నడిపే పెద్దమనిషి కలగజేసుకుని, ఒంటిగంటలోపు రాతపూర్వక అనుమతి చూపించాలనీ, లేకపోతే ఇన్‌స్పెక్టరు రాసిన నియమాన్నే ఇన్‌స్పెక్టరుకు వర్తింపజేస్తామనీ ప్రకటించాడు. దాని కింద మబ్బు ఒక్క మాటే రాసింది: "ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయండీ."

పన్నెండు దాటింది. ఇన్‌స్పెక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. రెండేళ్ళ వెయిటింగ్ రూము పోతే పోయింది, ఇకమీద ఎవరిని "కాగితాలేవి?" అని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

భార్య మళ్ళీ వచ్చింది. "కూరగాయలేవండీ?"

"నా బతుకు బజార్న పడింది, నేను బజారుకెళ్ళడమెందుకు?"

ఆమె తెరవైపు వంగి చూసింది. "ఇది అమ్మ గొడుగులా ఉందే."

"గొడుగులన్నీ ఒకేలా ఉంటాయి."

మంచం మీదినుంచి, పేపరులోంచి తలెత్తకుండా, అత్తగారు అంది. "అమ్మాయ్, ఆ మూడంకె నుంచి కమ్మిదాకా సన్నగీత ఉంటుంది, చూశారేమో అడుగు."

ఇన్‌స్పెక్టరు ఇంకా పెద్దది చేశాడు. ఉంది. వెంట్రుకవాసి గీత, అంకె దగ్గర మొదలై వంగిన కమ్మిని తాకి ఆగింది.

"అత్తయ్యగారూ," అన్నాడు. మధ్యలో అమ్మాయి లేకుండా ఆవిణ్ణి పిలవడం ఎన్నాళ్ళకో. "ఇది మీరు గీశారా?"

"వానాకాలంలో మీరు నా గొడుగు తీసుకెళ్ళి, లిఫ్టు తలుపులో ఇరికించి, తెచ్చి చప్పుడు చేయకుండా మూల పెట్టారుగా. మా ఆఫీసులో ఎక్కడ ఏం పాడైనా అంతే. నోటితో చెప్తే గొడవలు. గీసి, పాడైన చోట నంబరు వేసి, ఇంజనీరు బల్ల మీద పెడితే బాగుచేయించేవాళ్ళు."

"మరి నా కంప్యూటరులో..."

"మీ బల్ల అదే కదా బాబూ. మీరు కునుకు తీస్తుంటే, మీరు బొమ్మలు గీసే ఆ కంప్యూటరు పెన్నుతోనే గీశాను. చేతికి బాగానే ఉంది."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుఃఖం, ఒంటరితనం, బాదరబందీ లేని మహానుభావుడు! పొద్దుటినుంచి తను మెచ్చుకుంటున్నది తన మీద రాసిన ఫిర్యాదునని ఇన్‌స్పెక్టరుకు మెల్లగా అర్థమైంది. అంత కష్టంలోనూ కుతూహలం ఆగలేదు.

"ఇది మూడైతే, ఒకటీ రెండూ ఏవండీ?"

"అక్కడే ఉన్నాయి."

ఫోల్డరులో కిందికి వెళ్ళాడు. '1' అన్న అంకెతో కళ్ళజోడు: చిన్న అక్షరాలు చదవడానికి అతను ఆవిడ దగ్గర అరువు తీసుకున్నది, ఎడమ కాడ వదులైంది. '2' అంకెతో బల్ల దీపం, స్విచ్చి ఊడింది. అతను రెండింటినీ ఇదివరకే చూశాడు. బాగున్నాయి, ఎక్కడైనా వాడుకోవచ్చు అనుకున్నాడు.

"నాలుగు కూడా ఉందా?"

"నాలుగు ఈ గది" అంది అత్తగారు. "పెద్దది కదా, ఇంకా గీయలేదు."

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. రెండేళ్ళలో నూట పన్నెండు వస్తువులకు ఉత్తరాలు రాశాడు. ముక్కూమొహం తెలియని వాళ్ళను నలిగిన కాగితం బొమ్మకు కూడా అనుమతి అడిగాడు. రెండడుగుల దూరంలో ఉన్న మనిషిని మంచం జరపనా అని అడిగిన గుర్తు లేదు.

"సాయంత్రం బల్ల హాల్లోకి మార్చేస్తానండీ. బొమ్మ వాడుకోవడానికి మాత్రం... దయచేసి..."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో కొట్టింది: "బొమ్మ గీసింది నేను. వాడుకోనిచ్చాను. పేరు వేయాలి. కమ్మి బాగుచేయించాలి." ఒంటిగంటకు నాలుగు నిమిషాలుండగా అది సైటుకు వెళ్ళింది. దాని కింద ఇన్‌స్పెక్టరు రాశాడు: "మూడుగారు పోలేదు. మా అత్తగారు. పక్క మంచం మీద గళ్ళనుడికట్టు నింపుతున్నారు. తప్పు నాది."

గొడుగు మళ్ళీ బెంచీ పక్కకు చేరింది. నలభైమంది సంతాపాలు వెనక్కి తీసుకుని అభినందనలు పంపారు. మబ్బు మాత్రం నేరుగా అత్తగారికే ఉత్తరం రాసింది. తన మాడ్ కోసం ఒక చెప్పుల జత గీసిపెడతారా అని, చాలా మర్యాదగా.

ఈలోపు వాన మొదలైంది. భార్య గడియారం వైపు ఒకసారి, సంచీ వైపు ఒకసారి చూసింది. ఇన్‌స్పెక్టరు సంచీ తీసుకుని, అలవాటుగా తలుపు మూలనున్న నల్లగొడుగు మీద చెయ్యి వేసి, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"అత్తయ్యగారూ, గొడుగు తీసుకెళ్ళనాండీ?"

"రాసి ఇవ్వండి బాబూ. జవాబుకి ఏడు రోజులు ఆగాలటగా."

ఇన్‌స్పెక్టరు సంచీని నెత్తిన కప్పుకుని వానలోకి దిగాడు. ఆ సంచీ కూడా అత్తగారిదేనని వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.