మే నెలకు మంజూరైన చలికాలం

ఏ జాతి సంప్రదాయమైనా సరే, జూన్ ముప్ఫై లోపు పూర్తయిపోవాలి. సంప్రదాయ బోధనా ప్రమాణాల మండలి ఏళ్ల తరబడి ఆలోచించి కనిపెట్టిన సత్యం ఇది. (ఆ తేదీ దాటితే బడ్జెట్ మురిగిపోతుంది. సంప్రదాయాలంటారా, అవి ఆగడానికి అలవాటుపడ్డవే.)

ఆ ప్రకారం, మేసా అనే బల్లపరుపు కొండ మీది బడిలో ఫ్లోరెట్టా అవ్వ వారానికో గంట చెప్పే, తమ తెగ భాషైన హోపీ పాఠానికి మే నెలలో తనిఖీ పడింది. ఊరి భాష బడిలో వినిపించేది ఆ ఒక్క గంటే. తనిఖీలో తప్పితే ఆ గంట టైపింగుకు పోతుంది. తనిఖీ అంశం: నక్క కథ.

హెడ్‌మాస్టర్ లెలాండ్ అవ్వకు సొంత చెల్లెలి కొడుకు. ఈ కబురు మోసుకొచ్చి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నక్క కథలు చలికాలంలోనే చెప్పాలని నీకు తెలీదుట్రా?" అంది అవ్వ, విత్తనానికి మొక్కజొన్న పొత్తులు ఒలుస్తూ. "ఎండల్లో చెబితే పాములొస్తాయని నీ చెవి మెలేసి మరీ చెప్పాను కదా."

"తెలుసు పెద్దమ్మా. వాళ్లకి రాశాను కూడా."

"ఏమన్నారు?"

"పాముల సంగతి భద్రతా విభాగం చూసుకుంటుందన్నారు."

మండలి అంతటితో ఊరుకోలేదు. స్థానిక మనోభావాలను గౌరవించడం దాని మూడో సూత్రం. (మొదటి రెండూ ప్రయాణ భత్యం గురించి.) అందుచేత తనిఖీ జరిగే గదికి, జరిగినంతసేపు, చలికాలాన్ని మంజూరు చేస్తూ ఉత్తర్వు పంపింది. ఏసీ ఎంతలో పెట్టాలో, కిటికీలకు కాగితపు మంచు ఎక్కడ అంటించాలో అందులో వివరంగా ఉంది. వరండా మాత్రం వేసవిలోనే కొనసాగుతుంది.

అవ్వకు తిండి సయించలేదు. ఆ గంట పోతే మనవరాలు షనెల్ ఇక తనతో ఇంగ్లిషులోనే పోట్లాడుతుందని ఆమె దిగులు. ఒక్క కథ, ఒక్కసారి చెప్పేస్తే పోదా అని కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది.

తనిఖీ రోజున అధికారి డన్‌లేవీ గారు ఫీనిక్స్ నగరం నుంచి మెడలో మఫ్లరుతో దిగారు. (తన ఉత్తర్వును తాను పాటించే అధికారి.) పిల్లలు స్వెట్టర్లలో వణుకుతున్నారు.

"మొదలుపెట్టండమ్మా."

"ఇది విత్తే కాలం అయ్యా. గింజ ఎంత లోతున పెట్టాలో చెబుతాను, పాటతో సహా."

"విత్తడం మా ప్రణాళికలో అక్టోబరులో ఉంది."

"అయితే కథకి డిసెంబరులో రండి. వద్దనేదాకా చెబుతాను."

"డిసెంబరులో భత్యాల బిల్లుల పనుంటుందమ్మా." ఆయన షనెల్‌ను లేపారు. "పాపా, నీకు నక్క కథ వచ్చా?"

షనెల్ అవ్వ వైపు చూసింది. అవ్వ కిటికీకున్న కాగితపు మంచు వైపు చూసింది.

"వచ్చండీ. చెప్పను."

"ఎందుకు చెప్పవు?"

"బయట ఎండగా ఉంది కదండీ. మీరు మఫ్లరేసుకుంటే చలికాలం అయిపోద్దా?"

ఆయన పిల్లలందరినీ అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. అవ్వ గర్వంగా తలెత్తుకుంది. ఆ గంట చేజారిందని కూడా ఆమెకు అప్పుడే అర్థమైంది.

డన్‌లేవీ గారు విసిగి, మండలి వారి పుస్తకం తెరిచి నక్క కథ తానే చదవసాగారు. మొదటి వాక్యం పూర్తికాకముందే పిల్లలంతా కాళ్లెత్తి కుర్చీల్లో పెట్టుకున్నారు. అవ్వా పెట్టుకుంది. లెలాండ్ తన హోదా గుర్తుచేసుకుని ఒక్క కాలే ఎత్తాడు. "కూర్చునే క్రమశిక్షణ లోపించింది" అని డన్‌లేవీ గారు రాసుకున్నారు.

నివేదికను అక్కడికక్కడే చదివి వినిపించారు: "కథ చెప్పగల పిల్లలెవరూ లేనందున, ఈ బడిలో హోపీ సంప్రదాయం నేటి ఉదయం అంతరించినట్లు ధ్రువీకరించడమైనది. సదరు గంట టైపింగుకు కేటాయించడమైనది."

ఆయన సంతకం చేస్తుండగా, కథ చదివిన ఈ పెద్దమనిషిని పాములు కాటేయకుండా అంత ఎండలో కారుదాకా ఎవరు దిగబెట్టాలా అని పిల్లలు గుసగుసగా వాదులాడుకున్నారు. ఆ వాదనంతా హోపీలో జరిగింది గనుక నివేదికలోకి ఎక్కలేదు.